లెక్క చెప్పేదెవరు?

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు చదువుల చరిత్ర రాసినోళ్లు కాలేజీలను లెక్కపెట్టారు. ఇచ్చిన లెక్క రాకపోతే పక్కన కూర్చొని చెప్పినోళ్లెవరని అడగలేదు. మేము అడుగుతున్నది అదే.

1910లో భాగ్యరెడ్డి వర్మ హైదరాబాద్‌లో ఆది హిందూ పిల్లలకు బడులు పెట్టేనాటికి మాకు అక్షరం దొరకడమే పోరాటం. 1959లో వనపర్తి రాజుల బంగ్లా పాలిటెక్నిక్ అయింది. నెహ్రూ ప్రారంభించారు. సరే, మరి సాయంత్రం? తండ్రో మేనమామో డిగ్రీ చదివిన ఇంట్లో భౌతికశాస్త్రం సందేహం అన్నం తినేలోపే తీరుతుంది. తల్లి కూలికి, తండ్రి వలసకు పోయిన ఇంట్లో అది పరీక్ష దాకా మిగులుతుంది. ఈ తేడాకే 'మెరిట్' అని పేరు పెట్టారు.

1968లో పుట్టిన తెలుగు అకాడమీ కలన గణితాన్ని మన లిపిలోకి తెచ్చింది. మాటలు మాత్రం సంస్కృతమే! 'బండి మొత్తం ఎంత దూరం పోయిందన్నది వేరే, ఈ గడియల ఎంత జోరుగ పోతున్నదో చెప్పేదే అవకలనం' అని వాడభాషలోకి దించింది సంక్షేమ హాస్టల్లో సీనియర్ అన్నలే. ప్రోగ్రామింగ్ వచ్చాక ఆ ఆసరా కూడా చాలలేదు. అది ఇంగ్లీషు అడిగింది, కంప్యూటర్ అడిగింది.

2008లో పాలమూరు విశ్వవిద్యాలయం వచ్చింది. 2016లో ఈ మూడూ జిల్లా కేంద్రాలయ్యాయి. సీటు దగ్గరికొచ్చింది, లెక్క చెప్పే మనిషి రాలేదు. రిజర్వేషన్ గేటు దాటిస్తే బ్యాక్‌లాగులు మళ్లీ కూలికి తోస్తున్నాయి. హాస్టల్లో రాత్రి పాఠం చెప్పే మాస్టారు దయ కాదు, హక్కు. అది సాధించేదాకా, చదువుకున్నోళ్లం వారానికో సాయంత్రం ఆ హాస్టళ్లకు బాకీ ఉన్నాం.