చెరువు పక్షులు - బీడు పక్షులు

కరీంనగరము, ఆదిలాబాదు జిల్లాల చరిత్ర యనగానే కోటలు, శాసనములు, దేవాలయములు జ్ఞప్తికి వచ్చును. ఎలగందులను గూర్చియు, ధర్మపురి కాళేశ్వరములను గూర్చియు పెద్దలు చాల చెప్పియున్నారు. నేను నేడు ఆ నేలకే చెందిన వేఱొక చరిత్రను మనవి చేయదలచితిని. అది పక్షులది, సరిగా చెప్పవలెనన్న, పక్షులను పరిశీలించినవారిది. ఏ పక్షిని ఎవరు ఎచ్చట చూచిరి, ఎచ్చట చూడలేకపోయిరి యనునదియు చరిత్రయే.

ఈ ప్రాంతమును పక్షులు మనవలెనే చెరువుగను, బీడుగను పంచుకొన్నవి. మొదట చెరువును చూతము. గుట్టకును గుట్టకును నడుమ కట్టవేసి వాననీటిని నిలుపుట కాకతీయుల నాటినుండి ఇచ్చటివారు ఎరిగిన విద్య. ఈ చెరువులకు లోతు తక్కువ. వానకాలమున మత్తడి దూకిన నీరు కార్తీకము దాటినపిమ్మట దినదినమును వెనుకకు తీయును. శిఖము భూమి బురదతో, నాచుతో, నత్తలతో, గడ్డిగింజలతో బయటపడును. సరిగా ఆ వేళకే ఉత్తరదేశములనుండి బాతులు దిగును. సూదివంటి తోకగల బాతు సైబీరియా దిక్కునుండియు, మన కవులు విరహమునకు ఉపమానముగా వాడుకొన్న జక్కవ మధ్యాసియానుండియు, తలపై రెండు నల్లని పట్టెలుగల పెద్దబాతు హిమాలయములను దాటియు వచ్చును. మునిగి మేయు బాతునకు లోతునీరు కావలెను. తలక్రిందులై మేయు బాతునకు జానెడు నీరు చాలును. పొడుగుకాళ్ల పిట్టలకు బురద కావలెను. పక్షికి కావలసినది నీటి వైశాల్యముకంటె నీటి అంచు. ఆ అంచు దినమునకొక చోటికి జరుగుచుండుటయే మన చెరువు చేయు ఉపకారము. మానేరుపై 1985లో పూర్తియైన దిగువ ఆనకట్టవంటి మహాజలాశయముల వద్దను బాతులు చేరుచున్నవి. కాని అచ్చటను అవి వెదకుకొనునది లోతులేని మూలలనే.

ఇక బీడు. నిజాము రాజ్యపు రెవెన్యూ లెక్కలలో దీనికి బంచరాయి యనియు, ఖారిజ్ ఖాతా యనియు పేరులుండెను. పశువులు మేయు నేల, సాగులేని నేల అని వాటి తాత్పర్యము. పన్ను రాని నేలను గూర్చి ప్రభుత్వము ఎక్కువగా విచారింపదుగదా! కౌజులకు, పూరేళ్లకు, తీతువులకు, భరతపక్షులకు మాత్రము అదియే పట్టణము. చెరువు తెగినచో ఊరంతయు పరుగెత్తును. బీడు పోయినచో అడుగువారుండరు. ఈ భేదమే ఒక పక్షి విషయమున మనకు నష్టము తెచ్చినదని నా నమ్మకము. దాని కథ వినుడు.

థామస్ జెర్డను అను వైద్యుడు మదరాసు ప్రభుత్వ సేవలో నుండి, నెల్లూరు కడప ప్రాంతములలో పక్షులను సేకరించెను. తాను చూచిన పక్షులకు తెలుగు పేరులనుగూడ పుస్తకములలో వ్రాసిపెట్టిన పుణ్యాత్ముడాయన. ఆయనకు దొరికిన ఒక పక్షిని కలకత్తాలో బ్లైతు పండితుడు 1848లో శాస్త్రీయముగా వర్ణించెను. అది పొడుగు కాళ్లతో పొదల నడుమ పరుగెత్తునది. రొమ్మున రెండు గోధుమవన్నె పట్టెలు కలది. మూరెడు పొడవైన లేదు. తరువాత 1870 సంవత్సరమునకు ఇటునటుగా విలియం బ్లాన్‌ఫర్డు ఆ పక్షిని గోదావరీలోయలో, సిరొంచ వద్దను, భద్రాచలము వద్దను చూచెను. సిరొంచ ప్రాణహితకు ఆవలిగట్టు. ఈవలిగట్టు పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోని చెన్నూరు తాలూకా. గోదావరికి దక్షిణమున పూర్వపు కరీంనగరము జిల్లాలోని కాళేశ్వరము. నదులు సరిహద్దులైనది మనుష్యులకే గాని పక్షులకు కాదు.

బ్లాన్‌ఫర్డు పక్షులకై వచ్చినవాడు కాడు. భూగర్భశాస్త్ర శాఖ ఉద్యోగిగా బొగ్గుపొరలుగల రాళ్లను పరీక్షించుటకు వచ్చినవాడు. ఆ లోయలోనే తరువాత బెల్లంపల్లి, మందమఱ్ఱి, రామగుండము గనులు వెలసినవి. ఒకే మనుష్యుడు ఒకే నేలమీద క్రింది బొగ్గును, మీది పక్షిని గమనించెను. లోకము మొదటిదానిని మాత్రము జ్ఞాపకముంచుకొన్నది. 1898లో వెలువడిన తన గ్రంథమున ఆయన బాతులను, ఈ పక్షిని ఒకే సంపుటమున వర్ణించి, దీని తెలుగు పేరునుగూడ ఆంగ్లలిపిలో నిచ్చెను. దానిని మనము 'అడవి ఉట్టతిట్టి' అని చదువుకొనవచ్చును.

అటుపిమ్మట 1900లో అనంతపురము వద్ద హోవర్డు కాంబెల్ అను మతబోధకుడు దీనిని చూచెను. ఆపై 86 సంవత్సరముల మౌనము.

ఆ మౌనపు నడుమ 1931-32లో సలీం అలీ హైదరాబాదు రాజ్యపు పక్షులను సర్వే చేసెను. బెర్లినులో స్ట్రెస్‌మను ఆచార్యుని యొద్ద శిక్షణ పొంది తిరిగి వచ్చి, ఉద్యోగము లేక, సంస్థానములలో పక్షిపరిశీలన చేయుదునని ఆయనయే పూనుకొనెను. వానిలో హైదరాబాదు మొదటిది. భార్య తెహ్మీనా వెంట నుండగా గుడారములలో మకాములు చేసి, 82 వేల చదరపు మైళ్లకు మించిన రాజ్యమున నమూనాలు సేకరించెను. ఫలితములు హ్యూ విస్లరు వ్యాఖ్యలతో 1933-34లలో బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘపు పత్రికలో ఐదు భాగములుగా వెలువడినవి. చర్మములను పెట్టెలలో పేర్చుకొనుటకంటె, పక్షి యేమి తినును, ఏ చెట్టున గూడుకట్టును అనుటయే సలీం అలీకి ముఖ్యము. ఉత్తర తెలంగాణపు పక్షులను గూర్చి మాటలాడువాడెవడైనను ఆ ఐదు భాగములనుండి మొదలుపెట్టవలసినదే. అయినను రెండుపట్టెల పక్షి అందులో చిక్కలేదు.

ఏల చిక్కలేదో 1986 జనవరిలో తెలిసినది. ఆ పక్షి రాత్రించరము! వెదకినవారు పగటివేళ వెదకుచుండిరి. అదే సంఘమునకు చెందిన భరత్ భూషణ్, పిట్టలు పట్టువారి సాయముతో కడపజిల్లా రెడ్డిపల్లి వద్ద దీపము వెలుగున దానిని కనుగొనిరి. అచ్చటివారు దానిని కలివికోడి యందురు. 2000 తరువాత జగన్నాథన్ మొదలగువారు పొదల నడుమ ఇసుకపట్టీలు పరచి, తెల్లవారి పాదముద్రలు చూచి దాని అలవాట్లు తెలిసికొనిరి. పొదలు మరీ దట్టమైనను అది యుండదు, నఱికి చదును చేసినను ఉండదు. మేకలు, గొఱ్ఱెలు మితముగా మేసి, నడుమనడుమ ఖాళీ మిగిలిన చిట్టడవియే దాని నివాసము. అనగా అన్ని లెక్కలలోను పనికిరానిదని వ్రాయబడిన నేలయే.

గోదావరీలోయలో బ్లాన్‌ఫర్డు తరువాత దానిని నిశ్చయముగా చూచినట్లు దాఖలా లేదు. కాళేశ్వరమునకు దిగువను మేడిగడ్డవద్ద 2019లో బరాజు వచ్చినది. 2023లో దాని స్తంభములు కొన్ని క్రుంగినవి. చెన్నూరువైపున మాత్రము కృష్ణజింకలు తిరుగు 136 చదరపు కిలోమీటర్ల నేలను 1980లో ప్రాణహిత అభయారణ్యముగా ప్రకటించిరి. జింకకు తగిన చోటు కలివికోడికిని తగునని చెప్పజాలను గాని, పొదయు, గడ్డియు, మందలును కలిసిన నేల అచ్చట ఇంకను కలదు.

ఆ ప్రాంతమున ఒక వృద్ధుడగు గొఱ్ఱెలకాపరికి నేను పక్షి బొమ్మ చూపితిని. కౌజును, పూరేడును కూతబట్టి చెప్పగలవాడతడు. బొమ్మను చాలసేపు చూచి, తల యాడించి, "రాత్రిపూట ఒర్రేటివి శాన ఉంటయి అయ్యా. అన్నిటికి పేర్లెవరు పెట్టిన్రు?" అనెను.