టాస్క్ ఫోర్స్ 57

టాస్క్ ఫోర్స్ 57 అనేది రెండవ ప్రపంచ యుద్ధం చివరి దశలో, 1945లో, అమెరికా ఐదవ నౌకాదళంతో కలిసి పసిఫిక్ మహాసముద్రంలో జపానుపై పోరాడిన బ్రిటిష్ నౌకాదళ విభాగం. బ్రిటిష్ పసిఫిక్ ఫ్లీట్‌లోని ప్రధాన యుద్ధనౌకలు ఇందులో ఉండేవి. న్యూజీలాండ్, కెనడా, ఆస్ట్రేలియా దేశాల నౌకలు కూడా ఈ ఫ్లీట్‌లో పనిచేశాయి.

నేపథ్యం

1944 సెప్టెంబరులో క్యుబెక్ సమావేశంలో, జపానుపై జరిగే ప్రధాన పోరాటానికి తమ నౌకాదళాన్ని పంపుతామని బ్రిటిష్ ప్రధాని చర్చిల్ ప్రతిపాదించగా, అమెరికా అధ్యక్షుడు రూజ్వెల్ట్ వెంటనే అంగీకరించాడు. 1941-42లో హాంకాంగ్, మలయా, సింగపూర్‌లను పోగొట్టుకున్న బ్రిటన్‌కు ఇది పరువుకు సంబంధించిన విషయం. అయితే అమెరికా నౌకాదళాధిపతి అడ్మిరల్ ఎర్నెస్ట్ కింగ్‌కు ఇది ఇష్టం లేదు. వచ్చే నౌకలు తమ ఇంధనం, ఆహారం, విడిభాగాలు తామే సమకూర్చుకోవాలని ఆయన పట్టుబట్టాడు. ఈ షరతు ప్రభావం యుద్ధం ముగిసేవరకూ కనిపిస్తుంది.

1944 నవంబరు 22న ట్రింకోమలీలో (నేటి శ్రీలంక) ఈ ఫ్లీట్ ఏర్పడింది. ప్రధాన సేనాని అడ్మిరల్ బ్రూస్ ఫ్రేజర్ సిడ్నీ కేంద్రంగా పనిచేయగా, సముద్రంపై నాయకత్వం వైస్ అడ్మిరల్ బెర్నార్డ్ రాలింగ్స్‌ది. విమానవాహక నౌకలకు ఫిలిప్ వియన్ అధిపతి. సిడ్నీకి వెళ్ళే దారిలోనే, 1945 జనవరిలో, సుమత్రాలోని పాలెంబాంగ్ చమురు శుద్ధి కర్మాగారాలపై రెండుసార్లు విమానదాడులు జరిపారు.

కలిసి పనిచేయడం కోసం బ్రిటిష్‌వారు తమ సంకేత పద్ధతిని వదలి అమెరికన్ పద్ధతిని నేర్చుకున్నారు. జపాను గుర్తుగా పొరబడకుండా విమానాలపై ఉండే వలయాకార చిహ్నం నుండి ఎర్రని చుక్కను కూడా తొలగించారు.

ఒకినావా యుద్ధం

1945 మార్చి 26 నుండి మే 25 వరకు, మధ్యలో లేతే వద్ద కొద్దిరోజుల విరామం తప్ప, ఈ దళం సకిషిమా దీవుల వద్ద పనిచేసింది. ఇవి తైవాన్‌కూ ఒకినావాకూ మధ్యన ఉన్నాయి. తైవాన్ నుండి జపాను విమానాలు ఈ దీవుల మీదుగా ఒకినావా చేరకుండా ఆపడమే అప్పగించిన పని. పగలు రన్‌వేలపై బాంబులు వేసి గుంతలు చేసేవారు. రాత్రికి రాత్రి జపానువారు పగడపు రాళ్ళ పొడితో వాటిని పూడ్చేవారు. పేరు రాని, విసుగు పుట్టించే పని ఇది.

ఏప్రిల్ 1న ఇండిఫాటిగబుల్ నౌకను కమికజే (ఆత్మాహుతి) విమానం ఢీకొని 14 మంది మరణించారు. అయినా గంటలోపే ఆ నౌకపై విమానాలు దిగడం మొదలైంది. మేలో ఫార్మిడబుల్, విక్టోరియస్ నౌకలూ దెబ్బతిన్నాయి. బ్రిటిష్ విమానవాహక నౌకల డెక్‌లకు ఉక్కు కవచం ఉండగా అమెరికన్ డెక్‌లు చెక్కవి. అయితే ఆ కవచం బరువు వల్ల బ్రిటిష్ నౌకలు తక్కువ విమానాలనే మోయగలిగేవని విద్యార్థులు గమనించాలి.

అసలు బలహీనత ఇంధనం. అమెరికన్ నౌకలు ట్యాంకరు పక్కపక్కనే సాగుతూ చమురు నింపుకొనేవి. బ్రిటిష్‌వారు చాలావరకు ట్యాంకరు వెనుక నుండి గొట్టం పట్టుకొని నింపుకొనడంతో ఎంతో కాలం వృథా అయ్యేది.

టాస్క్ ఫోర్స్ 37

మే చివరలో అడ్మిరల్ హాల్సీ నాయకత్వం వహించడంతో అమెరికా దళం మూడవ నౌకాదళమయింది. దానితో 57 కాస్తా 37గా మారింది. జూలై 28న కురే రేవులో జపాను నౌకాదళపు మిగిలిన నౌకలపై జరిపిన దాడికి హాల్సీ బ్రిటిష్‌వారిని పిలవలేదు, వారిని ఒసాకా వైపు పంపాడు. ఆ విజయంలో బ్రిటన్ వాటా అడగకూడదనే ఉద్దేశం అందులో ఉన్నదని తరువాత తన ఆత్మకథలో ఒప్పుకున్నాడు.

అదే నెలలో కెనడా నౌక యుగాండా యుద్ధరంగం విడిచి వెళ్ళింది. పసిఫిక్‌లో పోరాడటం స్వచ్ఛందమని కెనడా ప్రభుత్వం నిర్ణయించి నావికుల అభిప్రాయం కోరగా, ఎక్కువమంది ఇష్టపడలేదు.

ఆగస్టు 9న ఫార్మిడబుల్ నుండి ఎగిరిన కెనడా వైమానికుడు రాబర్ట్ హాంప్టన్ గ్రే, ఒనగావా అఖాతంలో అమకుసా అనే నౌకను ముంచి తానూ మరణించాడు. మరణానంతరం ఆయనకు విక్టోరియా క్రాస్ లభించింది. 1989లో అదే అఖాతం ఒడ్డున జపానువారు ఆయనకు స్మారకం నిలిపారు.

ఇంధనం చాలక ఆగస్టు 12న దళంలో ఎక్కువ నౌకలు వెనుదిరిగాయి. కింగ్ జార్జ్ 5, ఇండిఫాటిగబుల్, మరికొన్ని చిన్న నౌకలు మాత్రమే అమెరికన్ దళంలో కలిసి నిలిచాయి. సెప్టెంబరు 2న టోక్యో అఖాతంలో మిస్సోరీ నౌకపై జపాను లొంగుబాటు పత్రం మీద బ్రిటన్ తరఫున ఫ్రేజర్ సంతకం చేశాడు.