స్పీకరు వెనక రాసి ఉన్న మాటలు

వినాయక చవితి పందిరి, బడి వార్షికోత్సవం, అపార్టుమెంటు ఫంక్షను, ఎక్కడ చూసినా ఇప్పుడు పవర్డ్ స్పీకరే. ఆంప్లిఫయరు పెట్టెలోనే ఉంటుంది కాబట్టి కరెంటు వైరూ సౌండు వైరూ తగిలిస్తే మోగుతుంది. కానీ మోగినంత మాత్రాన మాట వినపడదు. వక్త ఏం చెప్పాడో తెలియకుండానే జనం లేచి వెళ్లిపోయే సభలు మనకు కొత్త కాదు. అందులో చాలాసార్లు తప్పు స్పీకరుది కాదు, దాని వెనక రాసి ఉన్న నాలుగు మాటలు ఎవరూ చదవకపోవడం. ఆ మాటలు ఏ కంపెనీ పెట్టె మీదైనా దాదాపు ఇవే.

"ఇన్‌పుట్": గుండ్రటి సాకెట్, మధ్యలో పెద్ద రంధ్రం, చుట్టూ మూడు చిన్న రంధ్రాలు. ఒకే చోట రెండు రకాల పిన్నులు పడతాయి. చుట్టూ ఉన్న మూడు ఎక్స్‌ఎల్‌ఆర్ పిన్నుకు. అందులో ఒకటోది గ్రౌండు, రెండోది సిగ్నలు, మూడోది అదే సిగ్నలు తలకిందులుగా. స్పీకరు రెండు, మూడు తీగల మధ్య తేడాను మాత్రమే తీసుకుంటుంది. దారిలో కరెంటు వైర్ల నుంచి చేరే రొద రెండు తీగల మీదా ఒకేలా పడుతుంది కనుక ఆ తేడాలో పోతుంది. స్టేజి మీది మిక్సరు నుంచి దూరంగా ఉన్న స్పీకరుకు ఈ కేబులే వాడాలి.

మధ్య రంధ్రం పావంగుళం జాక్‌కు. ఇక్కడే ఎక్కువమంది చిక్కుకుంటారు. లాప్‌టాప్ హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి స్టీరియో కేబులు తెచ్చి నేరుగా ఇందులో గుచ్చితే పాట వస్తుంది, గాయకుడి గొంతు మాత్రం రాదు. వెనకనున్న వాద్యాలు బోలుగా, దూరంగా వినిపిస్తాయి. ఫైలు పాడైందనో స్పీకరు పోయిందనో అనుకుంటారు, రెండూ బాగానే ఉంటాయి. స్టీరియో కేబులులో ఎడమ ఒక తీగ, కుడి ఒక తీగ. స్పీకరు తన అలవాటు ప్రకారం వాటి తేడా తీసుకుంటుంది. పాటలో గొంతును ఎడమా కుడీ సమానంగా ఉంచి రికార్డు చేస్తారు కనుక, రొద పోయినట్టే గొంతూ పోతుంది. ఒక కొస స్టీరియో, రెండో కొస రెండు మోనో పిన్నులుగా చీలే కేబులు తెచ్చి, రెండు పిన్నుల్నీ రెండు ఇన్‌పుట్‌లలో గానీ మిక్సరులోని రెండు చానళ్లలో గానీ పెట్టండి. గొంతు వెంటనే తిరిగొస్తుంది.

"మైక్ / లైన్": చేత్తో పట్టుకునే మామూలు డైనమిక్ మైకు ఇచ్చేది కొన్ని మిల్లీవోల్టులే. ప్రొఫెషనల్ మిక్సరు లైన్ స్థాయి 1.23 వోల్టులు, ఇంట్లో వాడే ప్లేయర్లది 0.316 వోల్టు. వందల రెట్ల తేడా అన్నమాట. మైకు పెట్టి స్విచ్చి లైన్‌లో ఉంచితే గొంతు పీలగా వస్తుంది. మిక్సరు పెట్టి మైక్‌లో ఉంచితే నాబు కాస్త కదిపేసరికి బొంగురుపోయి చెవులు చిల్లులు పడతాయి. కండెన్సర్ మైకయితే దానికి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ కావాలి. అది చాలా స్పీకర్లలో ఉండదు, మిక్సరు నుంచి ఇవ్వాల్సిందే.

"గెయిన్": వచ్చే సిగ్నలును ఎంత పెంచి లోపలికి తీసుకోవాలో చెప్పే నాబు ఇది. హాల్లో ఎంత మోగాలో చెప్పేది "లెవెల్" లేదా "మాస్టర్". ముందు మాస్టర్ సున్నాకు తేవాలి. ఫోనో లాప్‌టాపో అయితే దాని వాల్యూమ్ దాదాపు పూర్తిగా పెంచాలి. అక్కడ తగ్గించి ఇక్కడ పెంచితే పాటతో పాటు బుస్సుమనే శబ్దమూ పెరుగుతుంది. ఆ తర్వాత గెయిన్, చివరికి మాస్టర్. గెయిన్ సరిచూసేటప్పుడు మైకు ముందు నిలబడి "హలో, హలో" అంటే చాలదు. పద్యనాటకంలో నటుడు రాగం తీసి పద్యం ఎత్తుకున్నప్పుడు వచ్చే గొంతు వేరు. ఆ పద్యమే ఒకసారి పాడించండి, ఎంత గట్టిగా పాడతారో అంత గట్టిగా. దానికి తగ్గట్టు గెయిన్ పెట్టండి.

"క్లిప్", "లిమిట్": రెండూ దీపాలే, చెప్పేవి వేరు. ఇన్‌పుట్ దగ్గర క్లిప్ దీపం వెలిగితే సిగ్నలు లోపలికి వచ్చేటప్పుడే చెడిందని అర్థం. అప్పుడు మాస్టర్ తగ్గించి లాభం లేదు, చెడిన శబ్దమే చిన్నగా వస్తుంది. గెయిన్ తగ్గించాలి. లిమిట్ దీపం ఆంప్లిఫయరు తన హద్దుకు చేరిందని చెబుతుంది. ఎప్పుడో ఒకసారి మిణుకుమంటే పర్వాలేదు, ఆరకుండా వెలుగుతుంటే ఇక పెంచకూడదు. ఆంప్లిఫయరు పవర్ రెట్టింపు చేసినా పెరిగేది 3 డెసిబెల్సే. ఆరుబయట దూరం రెట్టింపయితే తగ్గేది 6 డెసిబెల్స్. వెనక వరసకు వినపడకపోతే నాబు తిప్పడం కంటే అక్కడికి దగ్గరగా రెండో స్పీకరు పెట్టడం మేలు.

"త్రూ": ఆ రెండో స్పీకరుకు దారి ఇదే. ఇన్‌పుట్‌కు వచ్చింది వచ్చినట్టే పంపుతుంది. "మిక్స్ అవుట్" అని ఉంటే మైకూ పాటా కలిపి పంపుతుంది.

"బ్లూటూత్": పాటలకు చాలు. శబ్దం కాస్త ఆలస్యంగా వస్తుంది కనుక వీడియోకూ కరోకేకూ పనికిరాదు. ఫోను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి బ్లూటూత్ మాత్రం ఆన్ చేసుకుంటే మధ్యలో రింగు మోగదు.

"గ్రౌండ్ లిఫ్ట్": లాప్‌టాప్‌కు చార్జరు పెట్టగానే గుయ్యిమని, తీయగానే ఆగితే అది గ్రౌండ్ లూపు. మన కరెంటుకు చెందిన 50 హెర్ట్జ్ రొద అది. స్పీకరు, మిక్సరు, లాప్‌టాప్ మూడింటికీ ఒకే బోర్డు నుంచి కరెంటు ఇవ్వండి. అప్పటికీ పోకపోతే ఈ మీట నొక్కండి. రొద పోతుందని త్రీ పిన్ ప్లగ్గులో ఎర్తు పిన్ను విరిచేసేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. లోపల ఏ తీగయినా ఊడి రేకును తాకితే ఆ కరెంటుకు మిగిలే దారి మైకు పట్టుకున్న మనిషే.

"పవర్": అన్నిటికంటే చివర ఆన్ చేయాలి, అన్నిటికంటే ముందు ఆఫ్ చేయాలి. లేకపోతే మిక్సరు ఆన్ చేసినప్పుడల్లా ధబ్బుమని స్పీకరు కోన్ మీద దెబ్బ పడుతుంది.

కీచుమనే కూత గురించి పలక మీద ఏమీ రాసి ఉండదు. స్పీకరు నుంచి వచ్చింది మళ్లీ మైకులో పడితే వచ్చే కూత అది. స్పీకరును మైకు కంటే ముందుకు, జనం వైపు తిప్పి పెట్టండి. మైకు నోటికి దగ్గరగా పట్టుకోమనండి, జాలీని అరచేత్తో మూయనివ్వకండి.

2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడ్‌స్పీకరు నిషిద్ధం. మిగతా వేళల్లో సభ మొదలయ్యే ముందు ఒక్కసారి వెళ్లి చివరి కుర్చీలో కూర్చోండి. అక్కడికి మాట తేటగా వినపడితే మాస్టర్ అక్కడే వదిలేయండి.