ఏబీఎస్ ఉన్న బండికి బ్రేకు ఎలా వేయాలి?



పొద్దున మన బడి గేటు దగ్గర చాలామంది పిల్లలు బైకు మీంచే దిగుతారు. ఆ బళ్లలో ఇప్పుడు ఏబీఎస్ ఉన్నవి ఎక్కువ. కొనేటప్పుడు ఆ మాట వింటాం కానీ, ఎలా వాడాలో ఎవరూ చెప్పరు. నాకూ చెప్పలేదు. కిందటి వానాకాలంలో కుక్క అడ్డం వస్తే గట్టిగా బ్రేకు వేశాను. చేతిలో లివరు గడగడ అదిరింది. ఏదో విరిగిందనుకుని వదిలేశాను. కుక్క తప్పుకుంది కాబట్టి సరిపోయింది. ఆ అదురే నన్ను కాపాడుతోందని తరవాత తెలిసింది.

ఏబీఎస్ ఏం చేస్తుంది?

బ్రేకు మరీ గట్టిగా పడితే చక్రం బిగుసుకుపోయి టైరు జారుతుంది. ముందు చక్రం జారితే బండి క్షణంలో పడిపోతుంది. చక్రం దగ్గరున్న సెన్సరు దాని వేగాన్ని కనిపెడుతూ ఉంటుంది. చక్రం బిగుసుకోబోతుంటే ఏబీఎస్ బ్రేకు ఒత్తిడిని తగ్గించి, మళ్లీ పెంచుతుంది. ఇలా సెకనుకు ఎన్నోసార్లు జరుగుతుంది. మనకు తెలిసే అదురు అదే.

2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో 125 సీసీ దాటిన కొత్త బళ్లకు ఏబీఎస్ తప్పనిసరి. కొన్నిటికి ముందు చక్రానికే ఉంటుంది. వాటి వెనక చక్రం జారగలదు. మీ బండి ఏదో కనుక్కోండి.

బ్రేకు వేసే పద్ధతి

1. రెండు బ్రేకులూ కలిపి వేయండి. ఆగేటప్పుడు బరువు ముందుకు వస్తుంది కాబట్టి ఎక్కువ పని ముందు బ్రేకుదే. "ముందు బ్రేకు ముట్టుకోవద్దు" అన్న పాత మాట నమ్మకండి.
2. లివరును ఒక్కసారిగా గుంజకుండా, పిండినట్టు త్వరత్వరగా బిగించండి.
3. అదిరినా వదలకండి. పట్టి వదిలే పని ఏబీఎస్‌ది, మనది కాదు.
4. బండి నిటారుగా, చూపు దూరంగా ఉండాలి. ఆగబోయే ముందు క్లచ్ పట్టుకోండి.

ఏబీఎస్ చేయలేనివి

ఇసుక, కంకర మీద బండి ఆగడానికి ఇంకా ఎక్కువ దూరం పట్టవచ్చు. మలుపులో వాలి ఉన్నప్పుడు మామూలు ఏబీఎస్‌ను నమ్ముకోలేం. మలుపుకు ముందే వేగం తగ్గించాలి. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 11 మీటర్లు పోతుంది. వేగం రెట్టింపైతే, బ్రేకు వేశాక ఆగే దూరం దాదాపు నాలుగింతలు అవుతుంది. బండి కదిలాక కూడా మీటరులో ఏబీఎస్ లైటు ఆరకపోతే అది పనిచేయడం లేదని అర్థం. మెకానిక్‌కు చూపించండి.

పిల్లలకు ఒక మాట

గేరున్న బండికి 18 ఏళ్లు నిండాలి, లైసెన్సు ఉండాలి. మైనరు నడిపి నేరం జరిగితే తల్లిదండ్రులకో, బండి యజమానికో 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు అని చట్టం చెబుతోంది. వెనక కూర్చునే పిల్లలూ హెల్మెట్ పెట్టుకోవాలి.

పెద్దలకు ఒక మనవి. ఆదివారం ఖాళీ మైదానంలో, వెనక ఎవరినీ కూర్చోబెట్టుకోకుండా, 20 కిలోమీటర్ల వేగంతో మొదలుపెట్టి కొంచెం కొంచెం గట్టిగా బ్రేకు వేసి చూడండి. ఆ అదురు చేతికి ఒకసారి అలవాటైతే, వెనక మీ బిడ్డ ఉన్న రోజున చెయ్యి భయపడి వదలదు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయుడు