రైళ్లను ఆపిన రోకలిబండలు: ఎనిమిదేళ్ల లెక్క ఎలా తేలింది?

వానాకాలంలో గోడ వారగా పాకుతూ, ముట్టుకోగానే చుట్ట చుట్టుకునే రోకలిబండని చూసే ఉంటారు. దానివల్ల రైలు ఆగిపోయిందంటే నమ్ముతారా? జపాన్‌లో ఆగింది. అదీ ఒక్కసారి కాదు.

జపాన్ మధ్యలో యాత్సుగతాకే అనే పర్వతాలున్నాయి. ఆ కొండల దిగువ అడవుల్లో, చుట్టుపక్కల ప్రాంతాల్లో ఒక జాతి రోకలిబండలు ఉంటాయి. ఇవి గుంపులు గుంపులుగా పట్టాల మీదకి వచ్చి రైళ్లకి అడ్డం పడ్డాయని 1920 నుంచీ రికార్డుల్లో ఉంది. వేలకొద్దీ పురుగులు చక్రాల కింద నలిగితే పట్టాలు నూనె పూసినట్టు జారతాయి. చక్రం తిరుగుతుంది గానీ బండి ముందుకి కదలదు. అందుకే అక్కడివాళ్లు దీన్ని 'కిషా యసుదె' అన్నారు. కిషా అంటే రైలుబండి, యసుదె అంటే రోకలిబండ.

మరి మిగతా ఏళ్లలో ఇవి ఎక్కడికి పోతున్నట్టు? అసలు చిక్కు ఇదే. కీకో నీజిమా అనే అటవీ పరిశోధకురాలు దీని వెంటపడ్డారు. 1972లో మొదలైన పరిశీలన 2016 దాకా, అంటే 44 ఏళ్లు సాగింది. చేసిన పని చూస్తే చాలా మామూలుది. అవే చోట్లకి మళ్లీ మళ్లీ వెళ్లడం, మట్టి తవ్వడం, దొరికిన పిల్లపురుగులు ఏ దశలో ఉన్నాయో రాసుకోవడం.

ఆ లెక్కల్లో తేలింది ఏంటంటే, ఇవి ఎక్కడికీ పోవడం లేదు. కాళ్ల కిందే, మట్టిలోనే పెరుగుతున్నాయి. ఏడాదికి ఒక్కసారే కుబుసం విడుస్తాయి. గుడ్డు నుంచి పెద్దపురుగు కావడానికి ఎనిమిదేళ్లు పడుతుంది. ఒక చోట ఉన్నవన్నీ దాదాపు ఒకే ఈడువి కాబట్టి అన్నీ ఒకేసారి పైకొస్తాయి. మేత కోసం, జత కోసం బయల్దేరతాయి. దారిలో పట్టాలుంటే రైలు ఆగుతుంది. మరుసటి ఏడాది గుడ్లు పెట్టి చచ్చిపోతాయి.

ఈ ఫలితాలు 2021లో ప్రచురితమయ్యాయి. 13 ఏళ్లకి, 17 ఏళ్లకి ఒకసారి బయటికొచ్చే అమెరికా కీచురాళ్ల గురించి చాలామంది వినే ఉంటారు. అవి కీటకాలు. కీటకం కాని కాళ్లపురుగుల్లో ఇలాంటి కచ్చితమైన గడియారం ఉందని రుజువు కావడం ఇదే మొదటిసారి.

ఒక్కటి ఆలోచించండి. 44 ఏళ్లంటే ఈ పురుగుకి అయిదున్నర తరాలే. నాలుగేళ్లు చూసి వదిలేసి ఉంటే, సగం తరమే కనబడేది. 1920లో రైలు ఆగినరోజు ఎవరో తేదీ రాసిపెట్టారు కాబట్టే, ఈ లెక్కని అంత వెనక్కి తీసుకెళ్లి సరిచూసుకోవడం కుదిరింది.

మళ్లీ ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం. సెలవు.