మన నల్లా నీళ్లు ఎంత దూరం నుంచి వస్తున్నాయి?

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. మా హైదరాబాదులో రోళ్ల కంటే ముందు బోర్లు చేతులెత్తేస్తాయి. మా వీధిలో ఈసారి ఏప్రిల్ నుంచే ట్యాంకర్ల చప్పుడు. అది ఎప్పుడొస్తుందా అని కనిపెట్టుకుని ఉండడం, బకెట్లు నింపి పెట్టుకోవడం, దుప్పట్లు ఈ వారం ఉతకాలా వచ్చే వారమా అని ఆలోచించడం, ఈ లెక్కలన్నీ ఆడవాళ్లకే. ఇప్పుడు అసోసియేషన్‌లో వెయ్యి అడుగుల లోతున కొత్త బోరు వేద్దామంటున్నారు. సరే అనే ముందు ఈ ఊరి నీళ్ల కథ ఒకసారి గుర్తు చేసుకుందాం.

16వ శతాబ్దంలో ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలంలో హుస్సేన్ సాగర్ తవ్వించారు. అది ఊరి పక్కనే ఉంది. 1908 సెప్టెంబరులో మూసీకి పెద్ద వరద వచ్చి వేలమంది చనిపోయారు. అలాంటి వరద మళ్లీ రాకుండా ఏం చేయాలో చెప్పమని మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించారు. ఆయన సలహాతోనే 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ కట్టారు. మనం గండిపేట అనేది ఉస్మాన్ సాగర్‌నే. వరద ఆపడానికి కట్టిన చెరువులే తర్వాత ఊరి దాహం తీర్చాయి.

ఊరు పెరిగింది, అవీ చాలలేదు. 1960లలో మంజీరా నీళ్లు తెచ్చారు. ఇప్పటికీ మా పక్కింటి వదినలాంటి వాళ్లు నల్లాలో ఏ నీళ్లొచ్చినా 'మంజీరా నీళ్లు' అనే అంటారు. ఆ తర్వాత సింగూరు. 2004లో నాగార్జునసాగర్ వైపు నుంచి కృష్ణ, 2015లో ఎల్లంపల్లి నుంచి గోదావరి. కృష్ణ నీళ్లు 100 కిలోమీటర్లకు పైగా, గోదావరి నీళ్లు 180 కిలోమీటర్లకు పైగా పైపుల్లో ప్రయాణం చేసి, మోటార్లతో ఎత్తి పోస్తే మన వంటింటికి చేరుతున్నాయి. పప్పు కడిగి పారబోసే నీళ్ల వెనక ఇంత కథ ఉంది.

దూరపు నీళ్లు వచ్చిన కొద్దీ దగ్గరి నీళ్లను మర్చిపోయాం. మా అత్తయ్యగారు కాపురానికొచ్చిన రోజుల్లో ఈ వీధిలోనే గిలక బావి ఉండేదట. నల్లాలు వచ్చాక చేద వేసేవాళ్లు తగ్గారు, బావిలో చెత్త పడింది, చివరికి పూడ్చేశారు. చాలా వీధుల బావులు అలాగే పోయాయి. సికింద్రాబాదు బన్సీలాల్‌పేటలో మాత్రం చెత్తతో నిండిపోయిన పాత మెట్లబావిని శుభ్రం చేసి 2022లో మళ్లీ తెరిచారు. చెత్త తీసేసరికి నీళ్లు మళ్లీ ఊరాయి.

ఇప్పుడు మన డాబా లెక్క చూడండి. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్లు. హైదరాబాదులో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్లు కురుస్తుంది. 150 గజాల డాబా అంటే దాదాపు 125 చదరపు మీటర్లు. అంటే ఏడాదికి లక్ష లీటర్లు, 5,000 లీటర్ల ట్యాంకర్లు 20! అందులో సగం భూమిలోకి దిగినా 10 ట్యాంకర్ల నీళ్లు ఇంకినట్టే. ఇప్పుడవి నేరుగా మోరీలోకి పోతున్నాయి.

ఇంకుడు గుంతలు ఉండాలని 2002 నాటి వాల్టా చట్టం చెబుతూనే ఉంది. మా అపార్ట్‌మెంట్‌లోనూ గుంత ఉంది. దాని మీద కార్లు పెడుతున్నారు, లోపలంతా ఆకులు, మట్టి. ఇంకించకుండా ఇంకా లోతుకు వెళ్లి తోడితే, పక్కవాళ్లూ మనకంటే లోతుగా వేస్తారు. అప్పుడు ఇద్దరికీ ట్యాంకరే గతి.

గుంతలో ఇంకిన నీళ్లన్నీ మన బోరుకే రావు, పక్కింటి బోరుకూ పోతాయి. పోనివ్వండి, వాళ్ల గుంతలోవి మనకూ వస్తాయి.

అందుకే ఈసారి మీటింగుకి మగవాళ్లను మాత్రమే పంపకుండా మనమూ వెళదాం. మృగశిర కార్తె లోపల గుంతలో పూడిక తీయించి, కంకర కడిగించి, ఇసుక మార్పించి, డాబా పైపు దానికి కలపమని అడుగుదాం. తొలి వానకి డాబా మీది దుమ్మంతా కొట్టుకుపోనిచ్చి, ఆ తర్వాతి నీళ్లు గుంతలోకి వదలాలి. కొత్త బోరు మాట ఈ వానాకాలం అయ్యాక చూసుకోవచ్చు.