గుడికీ మగ్గానికీ నడుమ కొబ్బరి

మంగళగిరి చరిత్ర రాసేవాళ్ళు రెండు దారుల్లో ఏదో ఒకటి పడతారు. ఒకటి కొండ మీది పానకాల స్వామితో మొదలై, 1807-09లో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కట్టించిన పదకొండంతస్తుల గాలిగోపురం దాకా వస్తుంది. రెండోది గుంట మగ్గాలది, నిజాం అంచు చీరలది. ఈ రెండింటికీ రోజూ కావలసిన సరుకు ఎక్కడి నుంచి వచ్చేదో పట్టించుకున్నవాళ్ళు తక్కువ. కొబ్బరి పండే ఊరు కాకపోయినా మనది కొబ్బరి లేకుండా గడవని ఊరు. ఊరి చరిత్రలో దానికి చోటు ఇవ్వాలని నా వాదన.

మన చెట్టు తాడి కదా అనే అభ్యంతరం న్యాయమైనదే. వానను నమ్ముకున్న మెట్టలో తాడి నిలుస్తుంది. తాటాకు కప్పు, దూలం, ముంజలు, తేగలు అన్నీ ఇచ్చింది. కొబ్బరి వేళ్ళకు ఎప్పుడూ తేమ కావాలి. అయితే చెట్టు ఎక్కడ పెరిగిందన్నది ఒక లెక్క, కాయ ఎక్కడ ఖర్చయిందన్నది ఇంకో లెక్క. 1855లో బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట పూర్తయింది. తర్వాత ఏలూరు కాలువ గోదావరినీ కృష్ణనూ కలిపింది. మన పొరుగున సీతానగరం దగ్గర మొదలయ్యే పశ్చిమ కాలువ, దాని తర్వాత కొమ్మమూరు, బకింగ్‌హాం కాలువలు పడవలను మద్రాసు దాకా చేర్చాయి. అంతకుముందు ఇక్కడ కొబ్బరికాయ కొట్టలేదని కాదు. కోనసీమ కాయకు మన గుమ్మం దాకా చవకైన నీటిబాట దొరికిందని.

గుడికి వచ్చే కాయను చూస్తే ఈ వ్యాపారం తీరు అర్థమవుతుంది. పీచంతా ఒలిచి, మూడు కళ్ళ మీద మాత్రం పిలక వదులుతారు. కాయలో మెత్తని చోటు ఆ కళ్ళే. పిలక ఉంటే కాయ త్వరగా చెడదు. ఒలిచిన పీచు తోటల ఊళ్ళలోనే తాడుగా, పరుపుగా మారుతుంది. మన దాకా వచ్చేది గుజ్జు, చిప్ప మాత్రమే. ఇక్కడ పీచు పరిశ్రమ పుట్టకపోవడానికి కారణం అది, ఊరివాళ్ళ చేతకానితనం కాదు. గుజ్జు మాత్రం వృథా పోదు. రాష్ట్రంలో చాలా దేవస్థానాలు భక్తులు కొట్టిన చిప్పల హక్కును వేలం వేస్తాయి. ఎండబెట్టిన కొబ్బరి గానుగకు చేరుతుంది. ఇక మగ్గం సంగతి. గంజి ఒక్కటే పడితే పడుగు దారం పెళుసెక్కి తెగుతుంది. అందులో కాస్త కొబ్బరినూనె కలపడం దక్షిణాది చేనేతలో పాత పద్ధతి. గుడీ మగ్గమూ ఒకే కాయను పంచుకున్నాయన్నమాట.

ఇప్పుడు పరిస్థితి మారింది. హైవే పక్కన అమ్మే బొండాలు డొప్పలతో సహా ఊళ్ళోకి వస్తున్నాయి. పీచు మొదటిసారి మన చేతికి అందింది, మనమేమో చెత్తకుప్పలో పోస్తున్నాం. లేత డొప్పలో తేమ ఎక్కువ, ముదురు కాయంత మంచి పీచు రాదు అంటారు. ఒప్పుకుంటాను. అయినా తాడు పేనాలనే లేదు. డొప్పను యంత్రంలో నలిపి, వచ్చిన పొట్టును నీళ్ళలో కడిగి, కొన్నాళ్ళు మాగనిస్తే కుండీలకూ నారుకూ పనికొస్తుంది. కడియం నర్సరీల్లాంటి చోట్ల దానికి గిరాకీ ఉంది. ముందు కావలసింది ఒక్కటే: బండి దగ్గరే డొప్పలను ప్లాస్టిక్ గ్లాసులతో, స్ట్రాలతో కలపకుండా విడిగా పోగెయ్యడం.